సూర్యలంక క్యాసెట్టు

"ఇక దీని పని అయిపోయింది ఝాన్సీ. వదిలెయ్," అన్నాడు పూర్ణచంద్ర.

వీసీఆర్ మళ్లీ టేపు నమిలేసింది. ఆయన మూత విప్పి, చక్రాలకు చుట్టుకుపోయిన రీలును వేళ్లతో మెల్లగా విడదీస్తున్నాడు. మడతలు పడ్డ ఆ రీలు మీంచి ఝాన్సీ కళ్లు తిప్పుకోలేదు. ఆ క్యాసెట్టు పోతే దీపూ రెండోసారి పోయినట్టే. కొడుకు నవ్వూ, నడకా, గొంతూ అందులో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు.

"పని అయిపోయింది డబ్బాకి. క్యాసెట్టుకి కాదు," అంది. "తెనాలి తీసుకెళ్లి పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. కొత్త టీవీ కొనుక్కుని చూసుకుందాం."

"కొత్త టీవీ ఎందుకు? ఉన్నది బాగానే ఉందిగా."

"ఏంటి బాగుండేది? డొక్కు టీవీ, డొక్కు డబ్బా."

రేపల్లెలో ఎవరింటి పెళ్లి క్యాసెట్టయినా తెనాలి పంపించి, ముందు సీడీల్లోకీ తర్వాత పెన్‌డ్రైవుల్లోకీ ఎక్కించి ఇచ్చిన వీడియోగ్రాఫర్ ఆయన. సొంతింటి క్యాసెట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం మొండికేశాడు. స్టూడియో మూసేశాక కూడా ఆ పాత సరంజామాకి మందూమాకూ చేసుకుంటూ నెట్టుకొస్తున్నాడు.

"మీ భయం నాకు తెలీదా?" అంది ఝాన్సీ. "వాడి మొహం అంత పెద్దగా కనపడితే మీరు చూడలేరు. ఆ రోజు వాడు మీ దగ్గరే ఉన్నాడు. కెమెరాలో కన్ను పెట్టుకుని, బిడ్డని సముద్రానికి వదిలేశారు. ఇప్పుడు వాడి బొమ్మ కూడా నాకు మిగల్చరా?"

పూర్ణచంద్ర తల వంచుకున్నాడు. దీపూ పోయినప్పటి నుంచీ ఆమె ఈ మాట అంటూనే ఉంది, ఆయన తల వంచుకుంటూనే ఉన్నాడు. ఒక్కసారైనా ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడు ఏం చెబుతాడని ఝాన్సీ అనుకునేది.

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనియ్," అన్నాడు చివరికి.

మర్నాడు ఆయన అలా బజారుకు వెళ్లగానే, ఝాన్సీ క్యాసెట్టు సంచిలో వేసుకుని తెనాలి రైలెక్కింది.

క్యాసెట్లు ఎక్కించే షాపులో నెరిసిన గడ్డం శశిధర్ క్యాసెట్టును వెలుతురుకి పెట్టి చూశాడు. "బూజు పట్టిందమ్మా. ఇంకొన్నాళ్లు ఆగుంటే ఏమీ మిగిలేది కాదు."

"మొత్తం వస్తుందా బాబూ?"

"పాత టీవీలో మీకు కనపడనిది కూడా వస్తుందమ్మా. ఆ టీవీలు నాలుగు పక్కలా బొమ్మని కాస్త మింగేసేవి. అంచుల దాకా చూడాలంటే స్టూడియోలో మానిటర్ ఉన్న మాలాంటివాళ్లకే కుదిరేది."

ఝాన్సీకి వరమిచ్చినట్టయింది. ఆ అంచుల్లో దీపూ ఇంకెంత ఉన్నాడో. ఆ ఊపులోనే కొత్త టీవీకి కూడా చెప్పేసి ఇంటికొచ్చింది.

టీవీ గోడకెక్కిన రోజు పూర్ణచంద్ర గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె చేతిలో పెన్‌డ్రైవు చూసి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"చూశావా?"

"ఇంకా లేదు. రండి."

"దీపూ ఇసుకలో ఆడుకునేంత వరకు చూసి ఆపెయ్. నా మాట విను."

ఆ తర్వాత వచ్చేవి స్నానాలు, చివర్లో కేకలు. తన నిర్వాకం తను వినలేడు కాబోలు అనుకుంది ఝాన్సీ. రిమోట్ నొక్కింది.

గోడ నిండా దీపూ. సూర్యలంక ఇసుకలో పిచ్చుకగూడు కడుతున్నాడు. చేతికి ఎర్ర ప్లాస్టిక్ వాచీ. ఆ పొద్దున బాపట్లలో బస్సు దిగగానే ఏడ్చి మరీ కొనిపించుకున్నాడు. సముద్రం వాణ్ణి తిరిగి ఒడ్డుకు తెచ్చినప్పుడు కూడా ఆ వాచీ చేతికే ఉంది. ఝాన్సీ కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ తడుస్తుంటే మళ్లీ తుడుచుకుంటూ చూసింది.

తర్వాత కార్తీక స్నానాలు. మోకాలి లోతు నీళ్లలో ఒకరినొకరు తోసుకుంటున్న జనం, వాళ్ల మధ్య తడిసిన పసుపు చీరలో ఝాన్సీ. "నమస్కారం పెట్టు, తీస్తున్నా," అని కెమెరా వెనక నుంచి ఆయన గొంతు. సూర్యుడికి పెట్టాల్సిన నమస్కారం కెమెరాకి పెడుతూ ఆమె నవ్వుతోంది. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు. కుడిచెయ్యి ముందే గుండెల దగ్గర ఉంటుంది. ఎడమచెయ్యి తెర అంచు అవతల నుంచి వచ్చి దానితో కలుస్తుంది. పాత టీవీలో ఎన్నిసార్లు చూసినా అంతే.

కొత్త టీవీ ఏమీ మింగలేదు. ఎడమచెయ్యి వేళ్ల చివరి దాకా కనిపించింది. చిటికెనవేలిని పట్టుకుని ఒక చిన్న చెయ్యి. ఆ చేతికి ఎర్ర వాచీ.

తెర మీద ఝాన్సీ పక్కకు చూడను కూడా లేదు. జనంలో ఎవరి చెయ్యో తగిలినట్టు వేలు విదిలించుకుని, రెండు చేతులూ జోడించింది. చిన్న చెయ్యి ఒక్క క్షణం గాలిలో తడుముకుని, నీళ్లలోకి పోయింది.

ఝాన్సీ వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. మళ్లీ వెనక్కి తిప్పింది. మూడోసారి ఆ ఎర్ర వాచీ దగ్గర బొమ్మని ఆపేసింది.

పూర్ణచంద్ర లోపలికి వచ్చి, ఆమె చేతిలోని రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాడు.

"నువ్వు ఎప్పుడూ అనేదే నిజం ఝాన్సీ," అన్నాడు. "వాడు నా దగ్గరే ఉన్నాడు."