పెద్ద కష్టం ముందుంది

“ఇంట్లో బంగారం ఏమైనా ఉందా అమ్మా?”

రహంతుల్లా గారు ఆ మాట అడగ్గానే ఎల్లమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆయన బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. బందరులో తన ఇంటి ముందు గదిలో కూర్చుని, అప్పుల్లో మునిగినవాళ్లకు దారి చెబుతుంటాడు. పైసా పుచ్చుకోడు. ఎల్లమ్మకు అదే అనుమానం.

“ఎందుకండీ?”

“అమ్మమనడం లేదమ్మా. తక్కువ వడ్డీకి బ్యాంకులో పెట్టి ఈ లోను వదిలించుకోండి. రెండేళ్లలో మళ్లీ విడిపించుకోవచ్చు.”

బోటు ఇంజనుకు కొడుకు శ్రీకృష్ణ తీసుకున్న లోను, వేట సాగక, వడ్డీలతో మూడు లక్షలు దాటింది. నెలాఖరులోగా లక్షా ఎనభై వేలు ఒకేసారి కడితే మిగతాది వదిలేస్తామని ఫైనాన్స్ కంపెనీవాళ్లు కాగితం పంపారు. పక్కనే కూర్చున్న శ్రీకృష్ణ దగ్గర ముప్పై వేలున్నాయి.

కోడలు దుర్గాదేవి చెవి కమ్మలూ మెడలో గొలుసూ తీసి బల్ల మీద పెట్టింది.

“వీటి మీద డెబ్బై వేలు వస్తాయి,” అన్నాడాయన లెక్క చూసి. “ఇంకో ఎనభై కావాలి. రెండు కాసుల బంగారం ఉంటే గట్టెక్కుతారు.”

అందరూ ఎల్లమ్మ వైపు చూశారు.

“నా ఒంటి మీద ఉన్నదంతా వీళ్ల నాన్న ఆపరేషనుకే పోయిందండీ,” అని ఆమె బోసి చేతులు చూపించింది.

తమ ఊరు గిలకలదిండి వెళ్లే ఆటోలో కూర్చున్నాక గొంతు తగ్గించి అంది: “ఊరికే సలహా చెప్పేవాణ్ణి నమ్మకూడదురా. బంగారం ఆరా ఆయనకెందుకు?”

“ఆయనకేం లాభమే అమ్మా?”

“అది తెలిసేసరికి మనం మునిగిపోతాం.”

“నీకు అన్నిటికీ భయమే,” అన్నాడు శ్రీకృష్ణ. “మొన్న తుఫాను కబురొస్తే ఊరంతా పిల్లల్ని ఎత్తుకుని షెల్టరుకు పరిగెత్తింది. మా అమ్మ మాత్రం బియ్యం డ్రమ్ము చంకనెత్తుకుంది.”

దుర్గాదేవికి నవ్వాగలేదు. “అక్కడ మనకి పులిహోర పొట్లాలు కూడా ఇచ్చారు అత్తయ్యా!”

“నవ్వండి, నవ్వండి. దివిసీమ ఉప్పెనప్పుడు నాకు మూడేళ్లు. మా అమ్మ నన్ను చంకనేసుకుని కట్టుబట్టలతో మిగిలింది. చచ్చేదాకా ఒకటే చెప్పేది, ‘ఇది కష్టం కాదే, పెద్ద కష్టం ముందుంటుంది’ అని.”

ఆ సాయంత్రమే హార్బరులో చేపలు వేలం పాడే విల్సన్ ఇంటికొచ్చాడు.

“ఎల్లమ్మక్కా, ఎవరో కాగితాలాయన దగ్గరికి వెళ్లారంట? నేను లేనా? లక్షన్నర నేనిస్తా. బోటు కాగితాలు నా దగ్గరుంచండి, పడ్డ చేప నాకెయ్యండి. అంతే!”

ఎల్లమ్మ ప్రాణం కుదుటపడింది. విల్సన్‌ను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

“దుర్గ గొలుసు కూడా కదిలించక్కర్లేదురా,” అంది కొడుకుతో.

శ్రీకృష్ణ రహంతుల్లా గారికి ఫోన్ చేశాడు. “చేప ధర కూడా ఆయనే కడితే మీ అప్పు ఎప్పటికి తీరుతుందయ్యా?” అన్నాడాయన.

ఫోన్ పెట్టేసి ఊరుకోలేదు కూడా. నెలాఖరున ఎండలో స్కూటర్ మీద గిలకలదిండి వచ్చాడు. కంపెనీవాళ్లతో మాట్లాడి మరో వారం గడువు అడిగానని, బంధువుల దగ్గరైనా ప్రయత్నించమని చెప్పాడు.

“మా ఇంటి సంగతి మీకెందుకండీ అంత?” అని గుమ్మంలోనే అడిగింది ఎల్లమ్మ.

ఆయన చేతిలో ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచినీళ్లు అడగబోయినవాడల్లా ఆగి, స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బోటు కాగితాలు విల్సన్ ఇంటికి చేరాయి.

ఏడాది తిరిగింది. విల్సన్ కట్టిన ధరే ధర, రాసిన లెక్కే లెక్క. దుర్గాదేవి గొలుసూ కమ్మలూ కూడా అమ్మారు. అయినా లక్షన్నర అలాగే ఉంది. ఆ బాకీ కింద బోటు అతని పేరు మీదికి మారిపోయింది. దాని మీద శ్రీకృష్ణ తన చేత్తో రాసుకున్న తండ్రి పేరు చెరిపేసి, నీలం రంగు వేశారు. ఇప్పుడు అదే బోటు మీద శ్రీకృష్ణ కూలికి వెళ్తున్నాడు.

ఒక ఉదయం బోటు కదులుతుంటే ఎల్లమ్మ గట్టున నిలబడి చూసింది. కొడుకు వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి గోడకు జారగిలబడి ఏడ్చింది.

“ఆ పెద్దాయనకి గుక్కెడు మంచినీళ్లు కూడా ఇవ్వలేదే.”

“ఎందుకు అత్తయ్యా ఇప్పుడు? అప్పుడు ఆ ఎనభై వేలు ఉండి ఉంటే మనమూ వినేవాళ్లమే. లేనిదానికి మీరేం చేస్తారు?” దుర్గాదేవి ఆమె కళ్లు తుడిచి, గిన్నె అందుకుంది. “లేవండి. అన్నం వండుతా.”

ఆమె డ్రమ్ము మూత మీద చెయ్యి వేసిందో లేదో, ఎల్లమ్మ లేచి వచ్చింది.

“ఉండు. నేను తీస్తా.”

“గ్లాసు బియ్యమే కదా అత్తయ్యా. కాపురానికొచ్చి ఆరేళ్లయింది, ఒక్కనాడైనా నన్ను తియ్యనిచ్చారా?”

“నీకు కొలత తెలీదు. వెళ్లి పొయ్యి వెలిగించు. టీవీలో మళ్లీ వాయుగుండం అంటున్నారు.”

కోడలు వంటింట్లోకి వెళ్లేదాకా ఆగింది. మూత తీసి, మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి తడుముకుంది.

అడుగున గుడ్డమూటలో నాలుగు బంగారు గాజులూ భద్రంగా ఉన్నాయి.