అప్పజెప్పిన పాఠం

"ఇవాళ ఏ వారం?"

"బుధవారం," అన్నాడాయన.

"గురువారమండీ. పొద్దున్నించీ చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాను." ఆవిడ ఉసూరుమంది. రెండు బస్సులు మారి వచ్చారేమో, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నా నడుము లాగేస్తోంది. లోపల ఇంకా ఎవరిదో పరీక్ష నడుస్తోంది.

పోషకాహారంతో మతిమరుపును ఆపొచ్చా అని రెండేళ్ల పరిశోధన. సగంమందికి పోషకాల పొడి, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి పొడి. ఎవరికి ఏది అందిందో ఇచ్చే డాక్టర్లకే తెలియదు. ఆర్నెల్లకోసారి ప్రశ్నలడుగుతారు. మార్కులు మరీ పడిపోతే పరిశోధనలోంచి తీసేస్తారు, పొడి ఆగిపోతుంది. ఆ ఇంటి ఆశంతా ఆ డబ్బా మీదే.

పోనీ ఆ పొడైనా పాలలో కలుపుకుని పేచీ లేకుండా తాగుతాడా అంటే, అదీ లేదు. రెండు గ్లాసుల పాలు తనే కలుపుకొస్తాడు, ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఆవిడ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తన గ్లాసు ముట్టడు. ఈ మొండిమనిషి కోసం ఆ చప్పటి పాలు ఆవిడా రోజూ మింగాల్సి వస్తోంది.

"వందలోంచి ఏడేడు తీసేస్తూ రండి."

"తొంభై మూడు. ఎనభై ఆరు. ఎనభై."

"ఎనభై ఎలా అవుతుందండీ?" ఆవిడ వేళ్లు మడవసాగింది. ఆయన ఆ వేళ్లనే చూస్తూ ఊపిరి బిగబట్టాడు. "డెబ్భై తొమ్మిది."

"ఆఁ, అంతే." ఆయన వెనక్కి వాలాడు. "ఇంకోసారి చెప్పు. నాకు నిలవడం లేదు."

"మీతో నా తలప్రాణం తోకకొస్తోంది." విసుక్కుంటూనే మళ్లీ మొదట్నించీ చెప్పింది. ఊరి పిల్లలందరికీ లెక్కలు నేర్పిన మాస్టారు ఇలా అయిపోయాడే అని ఆవిడకి ఏడుపొచ్చింది. "లోపల కంగారుపడకండి. నేనిక్కడే ఉంటాను."

"సరేలే. ఇంతకీ మనం ఏ అంతస్తులో ఉన్నామే?"

"మూడో అంతస్తు. అయినా అడగాల్సింది నేను, మీరు కాదు."

ఆయన ఓపిక లేని నవ్వొకటి నవ్వాడు.

తలుపు తెరుచుకుని నర్సు బయటికొచ్చింది. ఆవిడ ఆయన కాలరు సరిచేసి, "లేవండి, మనల్నే పిలుస్తున్నారు" అంది.

"సార్, మీరు కూర్చోండి," అంటూ నర్సు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

పరీక్ష ఆవిడకి.