మూడో పిలుపు

“పాప తల్లి చనిపోయిందని నీకెవరు చెప్పారమ్మా?”

రికార్డుల గుమాస్తా కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని అడిగాడు. కౌంటరుకు ఇవతల నిలబడ్డ ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

“మా ఆయనే చెప్పారండీ. కాన్పులోనే పోయిందని.”

“పోయిన మనిషి కోర్టుకొచ్చి సంతకం ఎలా పెట్టింది మరి?” ఫైలును ఆమె వైపు తిప్పబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తన వైపు లాక్కున్నాడు. “చూపించకూడదు గానీ నోటితో చెప్తే ఏం కాదులే. పాపకి ఏడాది నిండకుండానే విడాకులయ్యాయి. పాప ఎవరి దగ్గరుండాలని తగువు. తల్లికి చేతిలో పని లేదు, తలదాచుకోవడానికి ఇల్లు లేదు. అందుకని తండ్రికిచ్చారు. అంతేగానీ ఆవిడ చావనూ లేదు, గీవనూ లేదు.”

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది. నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి, దేవుడంత నమ్మిన మనిషి, ఇంత అబద్ధం ఎలా ఆడాడు? అడుగుదామంటే ఆయనా లేడు. పోయిన వర్షాల్లో జ్వరం వచ్చి వారం తిరక్కుండా కన్నుమూశాడు.

ఆయన పోయిన దగ్గర్నుంచీ పట్నంలో ఉండే బావగారు ఫోన్‌లో ఒకటే సాధింపు. “నువ్వు కన్నావా ఏంటి దాన్ని? ఇల్లు పిల్ల పేరున ఉందని పట్టుకు వేలాడుతున్నావ్. మా పిల్లని మాకు పంపించు.” నడక రాకముందు నుంచీ బుజ్జిని చంకన మోసింది ఆమె. ఇప్పటికీ ఆమె కొంగు వేలికి చుట్టుకుంటే గానీ ఆ పిల్లకి నిద్ర పట్టదు. అలాంటిది పంపించెయ్యమంటే కూరలో కరివేపాకా?

పాపను ఆమె దగ్గరే ఉంచమని కోర్టును అడుగుదాం, ముందు తండ్రికి అప్పజెప్పిన తీర్పు నకలు పట్రమ్మన్నాడు వకీలు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆమెకు కోర్టంటేనే వణుకు. అందుకే దర్జీ అక్కను తోడు రమ్మంది. ఆ మధ్యే బడి ఎదురుగా మిషను పెట్టుకుందావిడ. ఊరంతా దర్జీ అక్క అనే పిలుస్తారు, బుజ్జితో సహా. మనిషి మాత్రం బంగారం.

“గుమ్మం దాకా వస్తానే. లోపలికి మాత్రం రమ్మనకు. కోర్టు గాలి నాకు పడదు,” అంది బస్సులోనే. అన్నట్టే బుజ్జినెత్తుకుని బయట ఉండిపోయింది. కిటికీలోంచి బుజ్జి కిలకిలలు వినిపిస్తున్నాయి.

“నకలు అడుగుతున్నది ఎవరని రాయను?” గుమాస్తా అడిగాడు.

“అమ్మనని రాయండి.”

“అమ్మ పేరు ఇందులో వేరే ఉందమ్మా.”

“అయితే... పెంచుతున్నదాన్నని రాయండి.” ఆ మాట అనేసరికి ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గుమాస్తా మెత్తబడ్డాడు. “ఏడవకు. నకలు వస్తుందిలే. కాకపోతే ఇక్కడొక పద్ధతుంది. పిల్లల ఫైలు తెరిస్తే రెండో పక్షం వాళ్లని గుమ్మంలో మూడుసార్లు పిలవాలి. ఎవరూ పలక్కపోతే రాలేదని రాసుకుని నకలు ఇచ్చేస్తాను.”

“ఎక్కడో ఉన్న మనిషికి ఇక్కడి పిలుపు ఎలా వినపడుతుందండీ?”

“ఈ చుట్టుపక్కల పోస్టుమాన్ తిరగని రోజుల్లో పెట్టిన రూలమ్మా. తీసేసే నాథుడు లేక అలా ఉండిపోయింది.”

“పలికితే?”

“పలికితే ఆవిడ మాట వినకుండా నకలు ఇవ్వకూడదు. కన్నతల్లి కదా, పాప నాకే కావాలన్నా అనొచ్చు.” ఆమె మొహం చూసి నవ్వేశాడు. “అబ్బే, నా సర్వీసులో పలికినవాళ్లు ఒక్కరూ లేరు. హాయిగా కూర్చో.”

హాయిగా ఎలా కూర్చుంటుంది? పైప్రాణాలు పైనే పోతుంటే!

బంట్రోతు తలపాగా సర్దుకుని గుమ్మంలోకి వెళ్లాడు. గొంతు సవరించుకుని ఒక పేరు పిలిచాడు. ఆమె ఎప్పుడూ వినని పేరు. ఇంట్లో ఎవరూ, పొరపాటునైనా, పలకని పేరు.

ఎవరూ పలకలేదు.

“కాస్త గట్టిగా పిలవవయ్యా, పొద్దున తిన్నావా లేదా?” బెంచీ మీద ఎవరో వేళాకోళమాడారు.

బంట్రోతు రోషంగా రెండోసారి పిలిచాడు. గోడలు అదిరాయి గానీ జవాబు లేదు.

పలక్కూడదు, పలక్కూడదు అని ఆమె కళ్లు మూసుకుని చేతులు జోడించింది. అంతలోనే సిగ్గేసింది. ఒక తల్లి రాకూడదని ఇంకో తల్లి దండం పెట్టుకోవడమా? ఏడాది నిండని బిడ్డను ఇక్కడే ఎవరి చేతుల్లోనో పెట్టి, ఆ మనిషి ఒట్టి చేతులతో ఆ గుమ్మం ఎలా దిగిందో! అయినా జోడించిన చేతులు విడదీయలేకపోయింది.

మూడోసారి పిలిచాడు బంట్రోతు.

గుమాస్తా కలం మూత తీశాడు. కిటికీ బయట బుజ్జి నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది.

“ఉన్నానండీ,” అంది దర్జీ అక్క.