కాన్పుకు ముందే కాయం

పున్నమ్మ సంచి సర్దుతోంది. పాత చీరలు చింపి ఉతికిన మెత్తని గుడ్డలు, ఆముదం సీసా, కూతురివి రెండు చీరలు. అన్నిటికీ అడుగున, తను ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర.

గోడకు చేరగిలబడ్డ సంతోషకుమారి అది చూసింది. నెలలు నిండి, కాళ్ళు నీరు పట్టి, లేచి నిలబడటమే కష్టంగా ఉంది.

“పురిటికి తెల్లచీరెందుకమ్మా?”

“గుంటూరులో పెద్ద గుడి ఉంది. బిడ్డ పుట్టాక దేవుడికి స్తోత్రం చెప్పుకోవద్దూ?” అంది పున్నమ్మ తలెత్తకుండా.

సంతోషకుమారికి పిన్ని గుర్తొచ్చింది. వాళ్ళ క్రైస్తవుల్లో చనిపోయిన ఆడవాళ్ళకు కట్టేది కూడా తెల్లచీరే. అమ్మ చెల్లెలు తొలికాన్పుకని గుంటూరు వెళ్ళి, అట్లా తెల్లచీరలోనే ఊరికొచ్చింది.

నెల రోజుల్నించీ అమ్మ వరసే వేరుగా ఉంది. బాలింతకు తల్లి పూటపూటకీ వేడివేడిగా వండి పెట్టడం ఆ పల్లెలో ఆనవాయితీ. పున్నమ్మ మాత్రం అంతా ముందే చేసి నిలవ పెట్టేస్తోంది. పొద్దంతా మిరప కోతకు పోయి, వస్తూనే పొయ్యి రాజేసేది. బాలింతకు మిరపకాయ తగలకూడదు కనక మిరియాలూ వెల్లుల్లీ వేయించి కారం దంచింది. పాలు పడతాయని ఎండు సొరచేపను పొడి చేసి డబ్బాకెత్తింది. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నువ్వులనూనె కలిపి, బాలింతలు పొద్దున్నే మింగే కాయం కూడా ఉడికించింది. గరిటె తిప్పుతూ దగ్గింది. దగ్గు తెర ఆగాక మళ్ళీ తిప్పింది.

ఆ దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. కల్లాల్లో కాయలు ఎండే రోజులు. ఊరు ఊరంతా దగ్గుతోంది.

పక్కింటి కరీమున్ వాసన పట్టుకుని వచ్చింది. పున్నమ్మతో కోతకెళ్ళే మనిషే.

“ఏందక్కా ఇది! బిడ్డ నేలన పడకముందే కాయం చేసినదాన్ని నిన్నే చూశా. మంచిది కాదే!”

“నాకు దేవుడున్నాడు. శకునాలతో పనిలేదు.”

“దేవుడుంటే మాత్రం? నెలాగి చేస్తే వద్దంటాడా? ఈలోగా నీ అల్లుడే నాకేస్తాడు, చూసుకో.”

“నేనట్టాంటివాణ్ణి కాదు” అన్నాడు వాకిట్లోంచి క్రీస్తుదాసు. పక్క ఊరి బడిలో పంతులు.

“కాకపోతే ఇట్టారా అబ్బాయ్” అని పిలిచింది పున్నమ్మ. పీట వేసి కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, వాటి మీద ఒక సొరకాయను బోర్లా పడుకోబెట్టింది. “ఇది నీ బిడ్డనుకో. నీళ్ళు పొయ్యి. మెడ జారనీకు.”

“నాకెందుకత్తయ్యా? మీరుంటారుగా!”

“కన్నవాడికి రాకూడదా? పోయమంటే పొయ్యి.”

చెంబెడు నీళ్ళు కుమ్మరించాడు. సొరకాయ జారి దొర్లుకుంటూ వెళ్ళింది.

“అయ్యో మాస్టారూ, పట్టుకోండి, పిల్ల బడికి పోతోంది!” అంది కరీమున్.

అందరూ పడీపడీ నవ్వారు. సంతోషకుమారి నవ్వలేదు.

బిడ్డకు నీళ్ళు పోయడం తండ్రికి నేర్పుతున్నారంటే తల్లి ఉండదనేగా? మరి కాయం ఎవరికి? అమ్మకే తేలడం లేదు కాబోలు. ఒక చేత్తో కాయం తిప్పుతోంది, ఇంకో చేత్తో తెల్లచీర మడత పెడుతోంది.

బస్సులో అమ్మ పక్కన కూర్చున్నాక ఇక ఉండబట్టలేకపోయింది. ముందు సీట్లో ఉన్న భర్తకు వినపడకుండా అడిగింది.

“నిజం చెప్పమ్మా. నేను కూడా పిన్నిలా పోతాననేగా నీ భయం?”

పున్నమ్మ చటుక్కున కూతురి నోటిమీద చెయ్యి పెట్టింది.

“ఛ, ఏం మాటలే అవి! నిన్ను పోనిస్తానా? రోజూ ఆ దేవుడి కాళ్ళు పట్టుకుని నిన్నే అడుగుతున్నా. ఒళ్ళో బిడ్డను పెట్టుకుని ఇదే బస్సెక్కుతావు, చూడు.”

“నువ్వు నా పక్కనే ఉంటావుగా?”

కిటికీ అవతల ప్రత్తిపాడు దాటాక కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. పున్నమ్మ వాటి వంకే చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది.

“ఆ ఆసుపత్రిలోనే ఉంటా. ఎక్కడికి పోతా?” అంది.

నొప్పులు ఒక పగలూ ఒక రాత్రీ పట్టాయి. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. నెత్తురు కావాలన్నారు. క్రీస్తుదాసు వరండాలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పున్నమ్మ తలుపు పట్టుకుని నిలబడింది; నర్సు కసిరినా కదల్లేదు. లోపల సంతోషకుమారి చేతులు చల్లబడ్డాయి. అమ్మా అని పిలిచాననుకుంది. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.

సంతోషకుమారీ, ఆమె కన్న ఆడపిల్లా గండం గడిచి, కాన్పయిన మూడోవారంలో క్షేమంగా ఇల్లు చేరారు; తన ఊపిరితిత్తులు ఇక బాగుపడవనీ, తను ఎండాకాలం దాటదనీ క్రిస్మస్‌కు ముందే డాక్టరు చెబితే విని, ఆ సంగతి ఎవరికీ పొక్కనీయకుండా అదే ఆసుపత్రిలో తనకూ ఒక మంచం అడిగి పెట్టుకుని బయల్దేరిన పున్నమ్మ మాత్రం 1986 మార్చి ఇరవై ఒకటిన అక్కడే పోయింది, మళ్ళీ ఇంటికి రాలేదు.