జగ్గారావు గారి మూడు వాచీలు

"టైమెంతయిందండీ?" అని అడిగాడు రేవు పడవలో పక్కన కూర్చున్న పెద్దమనిషి.

జగ్గారావు గారు చొక్కా చెయ్యి పైకి లాగారు. ఎడమచేతికి వరసగా మూడు వాచీలు.

"అద్దం మీద ఈ ఇనప జాలీ చూసేరా? మొదటి యుద్ధంలో బస్రా వెళ్లొచ్చిన సిపాయిదండి. పక్కన గుండు పడి జాలీ సొట్టబోయింది. వాచీ మాత్రం ఆగలేదు."

సిపాయి బస్రా నుంచి ఇంటికి చేరేలోగా పడవ అవతలి ఒడ్డుకి చేరింది. పెద్దమనిషి టైము తెలుసుకోకుండానే దిగిపోయాడు.

జగ్గారావు గారిది ముక్తేశ్వరంలో కొబ్బరి వ్యాపారం. పాత వాచీలంటే పిచ్చి. రెండోది ఆయన మామగారిది. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అడవుల వెంట నడిచొస్తూ, చేతి ఉంగరం ఇచ్చి బియ్యం కొనుక్కున్నాడు గాని వాచీ ఇవ్వలేదాయన. మూడోది అల్లవరం నూకయ్యది. ఓడలో పని చేస్తూ రెండుసార్లు దాంతో సహా సముద్రంలో పడ్డాడు.

కొత్త వాచీ కొనుక్కోమని ఎవరైనా అంటే, "కొత్తదానికి టైము తప్ప ఏం తెలుసండీ?" అనేవారు. టైమడిగితే పురాణం చెబుతారని భార్య రాజ్యలక్ష్మి దెప్పితే, అందరికన్నా ముందు ఆయనే నవ్వేవారు.

"నిజమే. నా దగ్గర వాచీలున్నాయి గాని టైమెక్కడిది?"

యాభై ఒకటో సంవత్సరం శ్రావణమాసంలో కూతురు వీరవేణికి నొప్పులొచ్చాయి. పొద్దుటి నుంచీ ముసురు, సూర్యుడి జాడ లేదు. జాతకం రాయాలి, నిమిషంతో సహా కావాలని సిద్ధాంతి గారు ముందే చెప్పి ఉన్నారు. ఇన్నాళ్లకి మీ వాచీలు పనికొచ్చాయంటూ రాజ్యలక్ష్మి భర్తని గది గుమ్మం బయట కూర్చోబెట్టింది.

లోపల పసిపిల్ల కేరుమంది. ఆడపిల్ల పుట్టింది, టైము చూడమని మంత్రసాని మంగాయమ్మ కేకేసింది.

ఆయన మూడు వాచీలూ మార్చి మార్చి చూశారు. అంత వానలోనూ నుదుటి మీద చెమట పట్టింది. మూడూ ఒక్కలా లేవని గొణిగారు. ఏదో ఒకటి చెప్పమని భార్య తొందరపెట్టింది.

"నాలుగూ పన్నెండు" అన్నారు.

సిద్ధాంతి గారు లెక్క కట్టి, పిల్లకి గొప్ప విద్యాయోగం ఉందన్నారు. ఆ పన్నెండు నిమిషాల గురించి ఊరంతా చెప్పుకుంది. జగ్గారావు గారికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. సంతోషం ఎక్కువైందనుకుంది రాజ్యలక్ష్మి.

పిల్లకి పార్వతి అని పేరు పెట్టారు. మూడో ఏట దానికి టైఫాయిడ్ వచ్చింది. జాతకంలో గండం లేదు, పట్నం తీసుకెళ్లక్కర్లేదని అందరూ అంటుంటే జగ్గారావు గారు ఒప్పుకోలేదు.

"ఆ జాతకాన్ని నమ్మకండి. నా వాచీలు ముసలివి" అని, పిల్లని భుజాన వేసుకుని కాకినాడ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇరవై రోజులు మంచం పక్కనే ఉన్నారు. పిల్ల బతికింది. అంతా జాతకబలం అన్నారు ఊళ్లోవాళ్లు.

పార్వతి రెండో తరగతికి వచ్చింది. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూనే అరుగెక్కి తాతగారి చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, ఇవాళ మేష్టారు గడియారం పాఠం చెప్పేరు. చిన్నముల్లు గంటలంట, పెద్దముల్లు నిమిషాలంట."

"ఈ జాలీ చూసేవా? బస్రాలో..." అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయారాయన. రాజ్యలక్ష్మి వంటింట్లోనే ఉందో లేదో తొంగి చూశారు. మామగారి వాచీ విప్పి మనవరాలి అరచేతిలో పెట్టి, గొంతు బాగా తగ్గించారు.

"నాకూ టైము చూడ్డం నేర్పవే."