బాహుదాలో బాప్తిస్మం

మదరాసులో చదివొచ్చిన దేవదానం పాస్టరుగారు తవిటయ్యను బాహుదా నదిలో ముంచారో లేదో, గట్టు మీద అతని అయిదేళ్ల కూతురు పుణ్యవతి కెవ్వుమంది.

“మా అయ్యని ముంచీసినారు! ఒగ్గీండి!”

ఎవరూ పట్టుకునేలోగా నీళ్లలోకి దూకేసింది. బాప్తిస్మం పొంది పైకి లేచిన తవిటయ్య మెడకు చుట్టుకుపోయింది. గట్టంతా గొల్లున నవ్వింది.

“నీకు ఈత రాదు గదే! ఎందుకు దూకినావు?”

“నువ్వు ములిగిపోతన్నావు గదేటి!”

తవిటయ్యకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ప్రభువు మనుషుల కోసం ఎందుకు దిగివచ్చాడో పాస్టరుగారు ఏడాదిగా చెబుతున్నా అతని తలకెక్కలేదు.

“బాబూ, ఇప్పుడు తెలిసిపోనాది! ఆయనా ఇలాగే దిగీసినాడు గావాల, లోతెంతో సూసుకోకండా!”

పాస్టరుగారు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు.

“ఇంక గట్టెక్కండి. ఈ వేళ ప్రసంగం మీ అమ్మాయి చెప్పేసింది.”