నార్మల్ సీసా

ఆ ఉదయం కూడా యంత్రం తప్పు లెక్కే చూపించింది.

"నార్మల్" అని ఎర్ర సిరాతో రాసిన సీసాలోంచి రక్తరసం చుక్క పెడితే గ్లోబ్యులిన్ ఎక్కువ, ఆల్బుమిన్ తక్కువ అంది. హెచ్ఐవీ రోగులు వచ్చే ఆసుపత్రిలో ఆ అంకెలు పడ్డాయంటే గుండె గుభేలుమనాలి. ఒంట్లో కాపలా కాయాల్సిన ప్రోటీన్లు ఊరికే పెరిగిపోయి పనికి మాత్రం రావడం లేదని అర్థం.

ల్యాబాయనకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. "మళ్ళీ మొదలెట్టావా తల్లీ," అని యంత్రాన్ని విసుక్కుని, సీసా అంకె సరిగ్గా వచ్చేదాకా దాన్ని సర్దాడు. మూడు నెలలుగా ఇదే వరస.

పద్ధతి ప్రకారం రోజూ ముందు ఆరోగ్యవంతుడి రక్తం పెట్టి చూడాలి. అది సరిగ్గా వస్తేనే యంత్రం సరైనట్టు. దానికోసం కంపెనీ పంపే సీలు వేసిన సీసాలు ఎప్పుడొస్తాయో దేవుడికే ఎరుక. అందుకని ఆయనే సొంతంగా ఒక సీసా ఏర్పాటు చేసుకున్నాడు. నెలకోసారి మార్చేవాడు.

ఆ తర్వాత వచ్చిన మొదటి మనిషి దర్జీ పని చేసే ఆవిడ.

"అన్నా, నిజం చెప్పు. జాకెట్లు రెండుసార్లు కుట్టు బిగించుకున్నా. మందులు పనిచేస్తున్నట్టేనా? నాకేమన్నా అయితే పిల్లకి ఎవరూ లేరు."

"రిపోర్టు బంగారంలా ఉందమ్మా. దిగులుతోనే సగం చిక్కిపోతున్నావు."

ఆవిడ నవ్వలేదు.

మధ్యాహ్నం ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరమ్మే కిందికి దిగి వచ్చింది. "మనిషేమో పుల్లలా అయిపోయింది. మీ కాగితమేమో భేషుగ్గా ఉందంటోంది. ఏది నమ్మమంటారు?"

"నా సీసాని నమ్మండి మేడమ్. ఆ రక్తం తాలూకు మనిషి గుండ్రాయిలా ఉంటాడు. ఇరవై ఏళ్ళలో జలుబు కూడా చేయలేదు."

ఆవిడ వినలేదు. మర్నాడే మెకానిక్కుని రప్పించింది. అతను యంత్రాన్ని మునుపటిలా పెట్టి, తను తెచ్చిన సీలు వేసిన కంపెనీ సీసాలు మూడు విప్పి పరీక్షించాడు. మూడూ సరిగ్గా వచ్చాయి.

"యంత్రం నిక్షేపంలా ఉందండీ. మీరు సర్దకముందు కూడా బాగానే ఉంది."

దర్జీ ఆవిడ రక్తం మళ్ళీ పెట్టారు. ఈసారి ఆవిడకీ గ్లోబ్యులిన్ ఎక్కువ, ఆల్బుమిన్ తక్కువ అని తేలింది. డాక్టరమ్మ అక్కడే నిలబడి మందులు మార్చి రాసింది. "ఇంకో నెల ఇలాగే నడిచుంటే ఈవిడ మనకి దక్కేది కాదు," అంది.

ల్యాబాయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చేతులారా ఒక పిల్లను తల్లి లేనిదాన్ని చేయబోయాడు. ఆ తర్వాత, ఇంకేదో తట్టి, ఎర్ర సిరా రాతున్న సీసా వైపు చూశాడు.

"అయితే తప్పంతా ఆ సీసాలోనే ఉంది," అంది డాక్టరమ్మ. "ఎవరిదండీ ఆ రక్తం? ఆ మనిషిని వెంటనే పిలిపించండి."



ఆయన మెల్లగా వెళ్ళి రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుని, నెలనెలా ఆ సీసాను నింపుతూ వచ్చిన తన ఎడమ చెయ్యిని ఆవిడ ముందు చాపాడు.